నేలకు నోటీసు

ఏప్రిల్ నెల రెండో వారంలో, బండలమెట్ట ఊళ్ళో నీడపట్టునే నలభై నాలుగు డిగ్రీలు కాసిన రోజు, గృహ నిర్మాణ కార్యాలయంలో సహాయ ఇంజనీరుగా పనిచేస్తున్న ప్రభుదాసుకు పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఊళ్ళోని ఇళ్ళన్నిటి నేలలనూ నెలాఖరులోగా వెచ్చబెట్టవలసిందని దాని సారాంశం.

ప్రభుదాసు దాన్ని మూడుసార్లు చదివాడు. రెండోసారి కళ్ళద్దాలు తుడుచుకుని చదివాడు. మూడోసారి కుర్చీని ఫ్యాను కిందికి లాక్కుని చదివాడు. ఎన్నిసార్లు చదివినా నేల నేలగానే ఉంది, వేడి వేడిగానే ఉంది.

కథ ఏమిటంటే, రాష్ట్ర నివాస సౌఖ్య మండలి అధ్యక్షులవారు ఆ శీతాకాలంలో ఒక మంచు దేశానికి అధ్యయన యాత్ర వెళ్ళారు. అక్కడ బస చేసిన చోట స్నానం చేసి, తడి కాళ్ళతో గదిలోకి అడుగు పెట్టగానే నేల గోరువెచ్చగా పాదాలకు తగిలింది. పలకల కింద తీగెలు పరిచి కరెంటుతో వేడి చేస్తారని, పాత ఇళ్ళయితే నేల కింద గొట్టాలు వేసి వేణ్ణీళ్ళు పారిస్తారని అక్కడివాళ్ళు చెప్పారు. అధ్యక్షులవారు తువ్వాలుతోనే అరగంట నిలబడి కళ్ళు మూసుకున్నారు. తిరిగొచ్చాక మండలి సమావేశంలో, "ఆ ప్రజలు పాదాల నుంచి సుఖపడుతున్నారు. మనవాళ్ళు ఇంకా నెత్తిమీది ఫ్యానుతో కాలక్షేపం చేస్తున్నారు. ఈ అంతరం నాకు నిద్ర పట్టనివ్వడం లేదు" అన్నారు. అలా 'పాదోష్ణ పథకం' పుట్టింది.

మొదటగా ఏ ఊళ్ళో పెట్టాలన్న చర్చలో, చలిప్రాంతం నుంచి వచ్చిన ఒక సభ్యుడు తమ కొండ ఊళ్ళ పేర్లు చెప్పాడు. చల్లటి చోట మొదలుపెడితే ఫలితాలు ఆలస్యంగా కనబడతాయని మండలి తోసిపుచ్చింది. వేడి విషయంలో తరతరాల అనుభవమున్న ప్రజలు కావాలంది. ఆ లెక్కన బండలమెట్టకు పోటీ లేకపోయింది.

ప్రభుదాసు ఉత్తర్వు పట్టుకుని తన పై అధికారి, ఈఈ కరుణాకర్ గది తలుపు తట్టాడు. ఆ గదిలో ఏసీ ఉంది.

"సార్, మన ఊళ్ళో ఎండాకాలం..."

"ప్రభుదాసు గారూ, మీరు పనిచేసేది వాతావరణ శాఖలోనా, గృహ శాఖలోనా?"

"గృహ శాఖలోనే సార్."

"మరి ఎండ మన పరిధి కాదు. నేల మన పరిధి. భూతల ఉష్ణోగ్రత ఏ కాలమందైనను ఇరవై తొమ్మిది డిగ్రీలకు తగ్గరాదని ఉత్తర్వులో స్పష్టంగా ఉన్నది. తదనుగుణంగా తగు చర్య తీసుకోండి. అన్నట్టు, మీ ప్రమోషన్ ఫైలు మండలికే వెళ్ళింది. గుర్తుంచుకోండి."

ఆ ఫైలు తొమ్మిదేళ్ళుగా ఎక్కడికో ఒకచోటికి వెళుతూనే ఉంది. ప్రభుదాసు ఉత్తర్వు మడుచుకుని బయటికి వచ్చాడు. మనిషి నెమ్మదస్తుడు. పందొమ్మిదేళ్ళ నౌకరీలో ఒక్క అంకె కూడా తప్పు రాయలేదన్నదే అతనికున్న గర్వం. పని చెబితే చేస్తాడు. ఇదీ చేశాడు.

కొత్త ఇళ్ళలో మొదట దొరికినవాడు బ్యాంకు క్యాషియర్ సాంబిరెడ్డి. అతని హాల్లో నున్నటి పలకలు పెళ్ళగించి, దోమతెరలాంటి తీగల వల పరిచి, పైన మళ్ళీ పలకలు అతికించారు. గోడకు ఒక మీట బిగించారు. ప్రారంభోత్సవానికి అధ్యక్షులవారే వచ్చారు. మిట్టమధ్యాహ్నం, చెప్పులు విప్పి, ఉపన్యాసం ముగించి, మీట నొక్కి నేలమీద నిలబడ్డారు.

పది నిమిషాలు గడిచాయి. అధ్యక్షులవారు కుడికాలు ఎత్తారు. అది దించి ఎడమకాలు ఎత్తారు. తర్వాత రెండూ ఒకేసారి ఎత్తే ప్రయత్నం చేశారు. జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు పేపర్లో 'ఆనందం పట్టలేక చిందులేసిన అధ్యక్షులు' అని ఫొటో పడింది. ఆ చప్పట్ల మధ్యే రోజువారీ కోత ప్రకారం కరెంటు పోయింది.

"అమ్మయ్య!" అంది సాంబిరెడ్డి భార్య హైమావతి.

అధ్యక్షులవారికి అది వేరేగా వినబడింది. "చూశారా, ఆ తల్లి ఎంత నిట్టూర్చిందో! నేలకు కరెంటు పోవడమేమిటి?" అని అక్కడికక్కడే ఆదేశించారు. వారం తిరక్కుండా నేలల కోసం ప్రత్యేక లైను వేశారు. అప్పటినుంచి కోత వేళల్లో ఫ్యాన్లు ఆగేవి, నేలలు ఆగేవి కావు.

సాంబిరెడ్డి కుటుంబం మంచాలమీద కాపురం పెట్టింది. పిల్లి ఇల్లు విడిచి పోయింది. పాలు తోడేస్తే పూర్తిగా పెరుగు కాకముందే పులిసేవి. హైమావతి తెలివైన ఇల్లాలు గనక మంచం కిందంతా వడియాలు పెట్టింది, పూటలో ఎండాయి. తర్వాత ఇంకా తెలివి చేసి, నేల లైనుకు టేబుల్ ఫ్యాను తగిలించింది. తనిఖీ బృందం పట్టుకుంది. 'ఉష్ణార్థం కేటాయించబడిన విద్యుత్తును గాలి నిమిత్తం దుర్వినియోగపరచినందున' అని నోటీసు వచ్చింది.

"అన్నయ్యగారూ, దీన్ని ఆపే మీట ఎక్కడుంది?" అని ఆమె ప్రభుదాసును అడిగింది.

"పెట్టే మీట ఒక్కటే ఇచ్చారమ్మా. ఆపే మీట రెండో దశలో వస్తుంది."

పాత ఇళ్ళ సంగతి ఇంకో రకం. కిళ్ళీకొట్టు మస్తాను ఇంట్లో గొట్టాలు వేసి, పైన కాంక్రీటు పోసేసరికి నేల జానెడు లేచింది. తలుపులు తెరుచుకోలేదు. కింద కోశారు. గడప నేలలో కలిసిపోయింది. మస్తాను ఆరడుగుల మనిషి, ఇంట్లోకి వెళ్ళినప్పుడల్లా ద్వారబంధం పైకొయ్య నుదుటికి తగిలేది. బొప్పి చూపించి మొర పెట్టుకుంటే ఈఈ గారు, "పథకంలో పేర్కొనని అదనపు ప్రయోజనమిది. వినయం అలవడుతుంది" అన్నారు.

అంతలో తీగలూ గొట్టాలూ ఉన్న లారీ ఎక్కడో దారితప్పి ఆగిపోయింది. సామాను లేదు. నెలాఖరు మాత్రం దారి తప్పకుండా వచ్చింది. ఆరు వందల పన్నెండు ఇళ్ళ నేలల ఉష్ణోగ్రతలు తక్షణం పంపమని మండలి అడిగింది.

ప్రభుదాసు ఉష్ణమాపకం సంచిలో వేసుకుని, తలకు తడిగుడ్డ చుట్టుకుని వీధివీధీ తిరిగాడు. రేకుల ఇళ్ళలో నేల నలభై రెండు చూపించింది. కొత్త స్లాబు ఇళ్ళలో నలభై. తీగలు వేసిన ఇంటికీ వెయ్యని ఇంటికీ తేడా ఏమిటంటే, వెయ్యని ఇంట్లో రాత్రికి కాస్త దిగేది. చూసింది చూసినట్టే రాశాడు. పైన పట్టికకు 'లక్ష్యం సాధించబడినది' అని శీర్షిక వెయ్యాలని నిబంధన, వేశాడు.

మండలి పులకించిపోయింది. 'ఎట్టి పరికరములూ లేకుండా, ప్రజల సహకారముతో మాత్రమే' లక్ష్యం సాధించిన తొలి పట్టణం అని అభినందన పత్రం పంపింది. కానీ దానితోపాటు తిరిగొచ్చిన పట్టికలో ఒక వరుస కింద ఎవరో ఎర్రసిరాతో గీత గీశారు. వరుస సంఖ్య నాలుగు వందల ఏడు. గృహ యజమాని కె. సైదమ్మ. భూతల ఉష్ణోగ్రత: ఇరవై ఆరు.

ఆరు వందల పదకొండు ఇళ్ళు వెచ్చగా ఉండి ఒక్క ఇల్లు చల్లగా ఉండటం క్రమశిక్షణ సమస్య అని మండలి భావించింది. నోటీసు తయారైంది. అందజేయాల్సింది ప్రభుదాసు.

సైదమ్మ ఇల్లు మిరపకాయల గిడ్డంగి పక్కన. గిడ్డంగిలో మిరపకాయలు ఏసీలో ఉంటాయి. వాటి తొడిమలు తీసే ఆడవాళ్ళు రేకుల షెడ్డులో ఉంటారు. వాళ్ళను కూడగట్టుకుని పనికి తీసుకుపోయే మేస్త్రీ సైదమ్మ. యాభై దాటిన మనిషి, గొంతు మాత్రం షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు వినిపిస్తుంది. ఆమె మామగారు కట్టిన మిద్దె అది. రెండడుగుల మందం గోడలు. గానుగలో రుబ్బిన సున్నానికి బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపి వేసిన గచ్చు. నున్నటి రాళ్ళతో రోజులతరబడి రుద్దితే అద్దంలా తేలింది.

ప్రభుదాసు వెళ్ళేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. గుమ్మంలో అడుగు పెట్టగానే కళ్ళకు చీకటి కమ్మింది, పాదాలకు ప్రాణం వచ్చింది. గచ్చుమీద పాతికమంది ఆడవాళ్ళు బారుగా పడుకుని ఉన్నారు. కొందరు బోర్లా పడుకుని రెండు అరచేతులూ నేలకు ఆనించి ఉంచారు.

"చేతులు అట్టా పెట్టారేంటమ్మా?" అని అడిగాడు గుసగుసగా.

"కారం మంటయ్యా," అంది సైదమ్మ. "పొద్దుణ్ణించీ తొడాలు తీసిన చేతులు. నీళ్ళల్లో ముంచితే ఇంకా రేగుద్ది. ఈ గచ్చుకి ఆనిస్తేనే దిగేది. నువ్వూ కూకో, మొహం జేవురించింది. ఏందది, కాయితం?"

ప్రభుదాసు కూర్చుని నోటీసు చదివాడు. "'మీ గృహ భూతలము నిర్ణీత ఉష్ణోగ్రతకన్న మూడు డిగ్రీలు తక్కువగా ఉన్నందున, సదరు భూతలముపై ఎందుకు చర్య తీసుకొనరాదో ఏడు దినములలోగా వివరణ ఇవ్వవలెను.'"

సైదమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "అంటే నా నేల సల్లగుండటం తప్పా?"

"ఉత్తర్వు ప్రకారం..."

"ఉత్తర్వు సంగతి కాదయ్యా. నీ సంగతి చెప్పు. నీకు ఎట్టా ఉంది ఇక్కడ?"

ప్రభుదాసు జవాబు చెప్పడానికి మెలకువగా లేడు. గోడకు ఆనుకున్నవాడు ఆనుకున్నట్టే కునుకు తీశాడు. మూడింటికి ఆడవాళ్ళు పనికి లేచిన చప్పుడుకి అదిరిపడి లేచి, సిగ్గుపడుతూ వివరణ రాసుకున్నాడు. సైదమ్మ చెప్పింది చెప్పినట్టు రాశాడు: "మా మామ ఏసిన నేల. ఆయన పోయాడు. ఎందుకు సల్లగుందో ఆయన్నే అడగండి."

వివరణ సంతృప్తికరంగా లేదని మండలి తేల్చింది. మే నెల మధ్యలో నిపుణుల సంఘం దిగింది. ముగ్గురు. వారికి పెద్ద, మండలి ఉష్ణ సలహాదారు డాక్టర్ ధనుంజయ్. ఆయన వేడిమీద విదేశంలో పరిశోధన చేసినవాడు, కోటు వేసుకుని వచ్చాడు. ముందు సాంబిరెడ్డి ఇంట్లో ఆదర్శ భూతలాన్ని పరిశీలించి, అక్కడే మంచాలమీద కాళ్ళు ముడుచుకుని భోజనాలు చేసి, సైదమ్మ గుమ్మం చేరేసరికి కోటు ప్రభుదాసు చేతిలో ఉంది.

"ఏమమ్మా, ఈ భూతలము సహకరించకపోవడానికి కారణమేమిటి?" అన్నాడు ధనుంజయ్ నుదురు తుడుచుకుంటూ.

"లోపలికొచ్చి దాన్నే అడగండయ్యా. సెప్పులు బైట వదలండి."

ఉష్ణమాపకం నేలమీద పెట్టారు. ఇరవై ఆరు. యంత్రంలో లోపముందేమోనని రెండో సభ్యుడు అరచేయి ఆనించాడు. చేయి మాత్రమే చాలదని మోచెయ్యి ఆనించాడు. మూడో సభ్యుడు వీపుతో పరీక్షించడం శాస్త్రీయమన్నాడు. డాక్టర్ ధనుంజయ్ కొంతసేపు కూర్చుని గమనికలు రాశాడు, ఆ తర్వాత చొక్కా గుండీలు సడలించుకుని తానూ పరీక్షకు పూనుకున్నాడు. రెండున్నర గంటలసేపు నిపుణుల సంఘం ఏకాభిప్రాయంతో గురక పెట్టింది. ఆ పూట ఆడవాళ్ళకు చోటు చాలక సగంమంది షెడ్డులోనే ఉండిపోయారు.

నాలుగింటికి లేచి, సైదమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, సంఘం అక్కడే తీర్మానం చేసింది. ప్రభుదాసు రాసుకున్నాడు.

"సదరు భూతలము అసాధారణమైనది. దీని చల్లదనపు మూలమును కనుగొనుట జాతీయ అవసరము," అని చెప్పాడు ధనుంజయ్. "కనుక దీనిని పూర్తిగా తవ్వి, ముక్కలు ముక్కలుగా ప్రయోగశాలకు పంపవలెను. ఖాళీ అయిన స్థలములో గొట్టములు వేసి ఇరవై తొమ్మిది డిగ్రీలకు తేవలెను. ఏమండీ ఇంజనీరు గారూ, సోమవారం గడ్డపారలు వస్తాయా?"

సైదమ్మ చేతిలో చెంబు ఉంది. ఆమె దాన్ని నెమ్మదిగా కింద పెట్టింది. షెడ్డు చివరివరకు వినిపించే ఆ గొంతు ఆ పూట ఇంట్లోనే సరిగా వినబడలేదు.

"పడుకుని లేచి, తవ్వమంటారా బాబూ?"

నిపుణులు చెప్పులు తొడుక్కున్నారు. జీపు వెళ్ళిపోయింది. ప్రభుదాసు మాత్రం గుమ్మంలో కాసేపు నిలబడిపోయాడు. ఆమె మొహంలోకి చూడలేక, తీర్మానం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి నడిచాడు.

అతని భార్య సలోమి హైస్కూల్లో తెలుగు టీచరు. సాయంత్రం జవాబు పత్రాలు దిద్దుకుంటోంది. విషయమంతా చెప్పి, "ఇరవై ఆరు బదులు ముప్ఫై అని రాసేస్తే తీరిపోయేది. పందొమ్మిదేళ్ళు తప్పు రాయలేదు. ఇప్పుడు రాయాలంటే చెయ్యి రావటంలేదు. రాయకపోతే ఆవిడ మొహం కళ్ళముందునుంచి పోవటంలేదు" అన్నాడు.

"తప్పు రాయమని ఎవరన్నారండీ? ఉత్తర్వు ఇటివ్వండి." ఆమె ఎర్ర కలంతోనే చదువుకుంటూ పోయి ఒకచోట ఆగింది. "'అభ్యంతరము గల ఇంట ప్రధాన ద్వారమునుండి ఒక అడుగు దూరమున గల నేలపై మధ్యాహ్నము పన్నెండు గంటలకు కొలవవలెను.' ఏ పక్కకి?"

"ఏ పక్కకేంటి?"

"ద్వారానికి రెండు పక్కలుంటాయి కదండీ. లోపలా, బయటా? మా పిల్లలు ఇట్టా రాస్తే సగం మార్కులు కోస్తాను."

ప్రభుదాసు ఆ వాక్యాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత కొన్ని వారాల్లో మొదటిసారిగా కడుపునిండా అన్నం తిన్నాడు.

సోమవారం గడ్డపారలు వచ్చాయి. వాటికన్నా ముందు ప్రభుదాసు వచ్చాడు. మస్తానునూ సాంబిరెడ్డినీ సాక్షులుగా పిలిచి, టేపుతో ద్వారంనుంచి సరిగ్గా ఒక అడుగు బయటికి కొలిచి, ఎండలో పొద్దుటినుంచీ కాలుతున్న నాపరాయిమీద ఉష్ణమాపకం పెట్టాడు. పన్నెండు గంటలకు యాభై మూడు చూపించింది. పంచనామా రాసి, సాక్షుల సంతకాలు తీసుకుని, గడ్డపారలవాళ్ళకు మజ్జిగ తాగించి పంపేశాడు. 'ఉత్తర్వులోని కొలత నిబంధన తు.చ. తప్పక పాటించబడినది. మండలి పరిధిలో అత్యధిక భూతల ఉష్ణోగ్రత ఇదే. మరమ్మతు అవసరము లేదు' అని నివేదిక పంపాడు. అంకె నిజం. నిబంధన నిజం.

సాయంత్రానికి డాక్టర్ ధనుంజయ్ ఫోను.

"ఏమిటిది ప్రభుదాసు గారూ? యాభై మూడా? అది ఎంత చల్లగా ఉంటుందో నాకు తెలియదా? నేను స్వయంగా దానిమీద..." అని ఆగాడు.

"స్వయంగా, సార్?"

ప్రభుదాసు ఒక తెల్లకాగితం ముందుకు లాక్కుని కలం మూత తీశాడు.

"తమరు డ్యూటీ వేళల్లో రెండున్నర గంటలు దానిమీద పడుకుని చూశారని అనుబంధంగా రాయమంటారా సార్? అప్పుడు మీ వీపూ నా ఉష్ణమాపకమూ రెండూ ఫైల్లో ఉంటాయి. మండలి ఏది నమ్మాలో తేల్చుకుంటుంది."

ధనుంజయ్ గొంతు సవరించుకున్నాడు. "ఫైలే నమ్మాలండీ. వీపు రికార్డు కాదు. యాభై మూడన్నమాట?"

"యాభై మూడు సార్."

"అయితే యాభై మూడే."

అంతటితో ఆగితే అది మండలి కాదు. క్రమశిక్షణ తప్పిన నేలను పైసా పరికరం లేకుండా ఇరవై ఆరునుంచి యాభై మూడుకు తెచ్చిన ఇంజనీరు సామర్థ్యానికి అధ్యక్షులవారు ముగ్ధులయ్యారు. తొమ్మిదేళ్ళ ఫైలు మూడు రోజుల్లో కదిలింది. ప్రభుదాసు ప్రమోషన్ కాగితాన్ని సలోమికి ఇచ్చాడు. ఆమె అందులోని అచ్చుతప్పులు దిద్ది బీరువాలో పెట్టింది. ఈఈ గారు స్వయంగా ప్రభుదాసునూ ఇద్దరు మనుషులనూ వెంటబెట్టుకుని వచ్చి సైదమ్మ గోడకు ఇత్తడి ఫలకం బిగించారు. 'రాష్ట్రములోకెల్ల అత్యుష్ణ గృహము' అని దానిమీద చెక్కి ఉంది.

"ఇదెందుకయ్యా?" అంది సైదమ్మ.

"ఇది ఉన్నంతకాలం ఎవరూ తవ్వరమ్మా," అన్నాడు ప్రభుదాసు.

"అట్టయితే ఇంకో మేకు కొట్టు. గట్టిగా ఉంటది."

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఒక కారు ఆ ఇంటిముందు ఆగింది. డాక్టర్ ధనుంజయ్ దిగాడు. కోటు లేదు. చంకలో దిండు ఉంది. ఇటూ అటూ చూసి, ఫలకం కింద నిలబడి గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, ఆ యాభై మూడు డిగ్రీలమీద ఒక గంట నడుం వాల్చవచ్చునా?"

సైదమ్మ లోపలికి తొంగిచూసింది. ఆడవాళ్ళు బారుగా పడుకుని ఉన్నారు, జానెడు చోటు లేదు.

"మూడింటికి మావోళ్ళు పనికి లేత్తారు. అప్పుడు రాండయ్యా," అని తలుపు దగ్గరగా వేసింది. మళ్ళీ కొంచెం తెరిచి, "అందాకా బయటే కూకోండి. అక్కడే కదా మీ లెక్క ప్రకారం నా నేల!" అంది.